రీజెన్సీ స్క్వేర్ కిటికీలోంచి చూసిన టవరు

బ్రైటన్ స్టేషన్‌లో రైలు దిగి క్వీన్స్ రోడ్డు వెంట పల్లానికి నడిచేవారికి, సముద్రం కంటికి ఆనకముందే ముక్కుకు తెలిసిపోతుంది. ఎండి కుళ్ళిన సముద్రపు నాచు, కాగిన నూనె, చిప్స్ మీద చల్లే వెనిగర్, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఇనుము, ఇవన్నీ కలిసిన ఆ వాసన ఇంగ్లండులో మరే ఊళ్ళోనూ నాకు ఎదురుపడలేదు. చాలా ఏళ్ళ తరువాత ఈ మధ్య అక్కడికి వెళ్ళినప్పుడు, వెస్ట్ స్ట్రీట్ చివర ఆ వాసన తగలగానే నా కుడి భుజం తనంతట తానే కొంచెం వంగింది. కట్లు, సిరంజీలు, చేతితొడుగులు నింపిన సంచిని ఆ భుజానికే తగిలించుకుని పదమూడేళ్ళకు పైగా ఆ ఊరి ఇళ్ళ మెట్లు ఎక్కి దిగాను. ఇళ్ళకు వెళ్ళి వైద్యసేవ చేసే డిస్ట్రిక్ట్ నర్సును నేను.

పాత సహోద్యోగి ఒకరి పదవీ విరమణ విందుకు వెళ్ళాను. విందుకు ఇంకా మూడు గంటల వ్యవధి ఉంది. ఒడ్డుకు చేరి కుడిచేతి వైపు తిరిగి, గ్రాండ్ హోటల్, మెట్రోపోల్ హోటల్ దాటేసరికి, రీజెన్సీ స్క్వేర్ ఎదురుగా ఆ టవరు నిలబడి ఉంది. ఎత్తు 162 మీటర్లు, అడ్డుకొలత మాత్రం నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ. దాని చుట్టూ వేలికి ఉంగరంలా అమరిన గుండ్రటి గాజుగది నెమ్మదిగా పైకి పోతోంది. ఐ 360 అని దాని పేరు. ఆ టవరు ఇంకా కాగితం మీది బొమ్మగా ఉన్న రోజుల్లో దాని గురించి ఊరివాళ్ళు అన్న మాటలు నా దగ్గర చాలా మిగిలి ఉన్నాయి. నేను వాటిని సభల్లో వినలేదు. మంచాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని విన్నాను.

*

టవరు మాట ఎత్తాలంటే ముందు అక్కడ అంతకుముందు ఉన్నదాని గురించి చెప్పాలి. సముద్రంలోకి ఇనుప కాళ్ళ మీద చొచ్చుకుపోయే షికారు వంతెనను అక్కడివాళ్ళు పియర్ అంటారు. ఆ చోట ఉన్నది వెస్ట్ పియర్. యూజీనియస్ బర్చ్ అనే ఇంజినీరు రూపకల్పన చేయగా 1866లో అది తెరుచుకుంది. 1916లో దాని మీద సంగీత కచేరీల హాలు కట్టారు. నిలబడడం ప్రమాదమని 1975లో మూసేశారు. దానిని కాపాడడానికి పుట్టిన ట్రస్టు 1983లో వంద పౌండ్లకు దాన్ని కొన్నది. ఈ వంద పౌండ్ల సంగతి నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతివారూ తామే ఆ వంద పౌండ్లు ఇచ్చినంత అభిమానంతో చెప్పేవారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పియర్ మూతబడి ఉన్నా రూపం చెడలేదు. శీతాకాలపు సాయంత్రాల్లో స్టార్లింగ్ పిట్టలు, మన గోరువంకల జాతివే, వేల సంఖ్యలో గుంపు కట్టి, ఎవరో ఆకాశంలో నల్లటి పైట విసిరి వెనక్కి లాగుతున్నట్టు తిరిగి తిరిగి, ఒక్కసారిగా ఆ పియర్ కింది ఇనుప దూలాల్లోకి దిగిపోయేవి. అవి రెక్కలు ముడుచుకున్నాక కూడా కిచకిచలు రోడ్డు దాకా వినిపించేవి. ఆ చప్పుడు కింద అలల చప్పుడు. అది నేను చిన్నప్పటి నుంచి ఎరిగిన అలల చప్పుడు కాదు. అక్కడ ఇసుక ఉండదు, అంతా గులకరాళ్ళు. అల వచ్చినప్పుడు కాదు, వెనక్కి పోయేటప్పుడు మోత వస్తుంది. చాటలో గింజలు చెరుగుతున్నట్టు, కొన్ని లక్షల రాళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ నీళ్ళ వెంట జారిపోతాయి. మొదటి ఏడాది రాత్రుళ్ళు నాకు ఆ మోతకు నిద్ర పట్టేది కాదు. ఆ ఊరు వదిలిన ఏడాది ఆ మోత లేక పట్టలేదు.

2002 డిసెంబరు తుఫానులో పియర్‌లో ఒక భాగం కూలింది. మరుసటి సంవత్సరం మార్చిలో నిప్పంటుకుంది. నేను ఆ రోజు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచి వెళుతున్నాను. సముద్రం మీద నుంచి పొగ నల్లగా, బరువుగా లేస్తోంది. నడిచే దారి అప్పటికే కూలిపోయి ఉండడంతో అగ్నిమాపక సిబ్బంది మంట దగ్గరకు పోలేకపోయారు. ఒడ్డున జనం బారులు తీరి నిలబడ్డారు, ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా పక్కన ఒక పెద్దమనిషి టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉండడం చూశాను. శవం ఎదురైనప్పుడు అక్కడి పాతకాలపు మనుషులు అలా టోపీ తీస్తారు. మే నెలలో మిగిలిన భాగం కూడా కాలింది. ఆ తరువాత మిగిలింది సముద్రంలో నిలబడిన ఇనుప పంజరం ఒక్కటే.

*

నా పనిలో ఎక్కువ భాగం కాళ్ళ పుండ్లకు కట్లు కట్టడం. వయసు మళ్ళినవారికి రక్తం సరిగా పైకి పోక చీలమండ దగ్గర పడే పుండుకు నాలుగు పొరల కట్టు కట్టాలి. మొదట మెత్తటి దూది పొర, దాని మీద మామూలు గుడ్డకట్టు, ఆపైన సాగే కట్టు, అన్నిటికీ పైన అంటుకునే కట్టు. కాలివేళ్ళ మొదలు దగ్గర ఆరంభించి మోకాలి కింది దాకా, బిగువు ఎక్కడా తప్పకుండా చుట్టుకుంటూ పోవాలి. చీలమండ దగ్గర బిగువు ఎక్కువగా, పిక్క దగ్గర తక్కువగా ఉండాలి. పాత కట్టు విప్పి, కాలు కడిగి, కొత్తది పూర్తి చేయడానికి ముప్పావు గంట పట్టేది. ఆ ముప్పావు గంట రోగికి చేయడానికి ఏమీ ఉండదు, మాట్లాడడం తప్ప. ఆ రోజుల్లో నోట్సు చేతితోనే రాసేవాళ్ళం. ప్రతి ఇంట్లోనూ గుమ్మం దగ్గర బల్ల మీద ఒక ఫోల్డరు ఉండేది. ఇప్పుడు అంతా తెర మీద టకటక కొట్టడమే. నేను రాస్తుండగా కూడా వాళ్ళు మాట్లాడుతూనే ఉండేవారు. తెర కొడుతున్న నర్సుతో అలా మాట్లాడతారో లేదో నేను చెప్పలేను.

రీజెన్సీ స్క్వేర్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. ఆ వీధి ఇళ్ళు దాదాపు రెండు వందల ఏళ్ళనాటివి. ముందుకు ఉబ్బిన విల్లులాంటి కిటికీలు, నల్ల ఇనుప బాల్కనీలు, తెల్లటి గోడలు వాటి గుర్తు. ఆవిడ కుర్చీ ఆ కిటికీలోనే ఉండేది. పుండు మానేది, ఆరునెలలకు మళ్ళీ లేచేది. అలా ఎన్నో ఏళ్ళు నేను ఆ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మన పెద్దవాళ్ళు 'అమ్మాయీ' అన్నట్టు ఆవిడ నన్ను 'లవ్' అనేవారు. ఆవిడకు టవరు అంటే గిట్టేది కాదు.

పడమటి వైపు, ఒక చిన్న సందులో ఇంకో ఇల్లు. అక్కడ ఒక పెద్దాయనకు రోజూ పొద్దున్నే ఇన్సులిన్ ఇవ్వాలి. చూపు మందగించి సొంతంగా సూది వేసుకోలేకపోయేవారు. పద్నాలుగు పదిహేనేళ్ళ వయసులో ఆయన వెస్ట్ పియర్ మీద పెన్నీలు వేసి ఆడే యంత్రాల దగ్గర చిల్లర మార్చే కుర్రవాడిగా పనిచేశారు. రాగి నాణాల వాసన రాత్రి పడుకున్నాక కూడా చేతుల నుంచి పోయేది కాదని, ఇప్పటికీ ఒక్కొక్కప్పుడు వస్తుందని, అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూపించేవారు. ఆయనకు టవరు ఎప్పుడెప్పుడు వస్తుందా అని ఉండేది.

వీరిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఇద్దరి ఇళ్ళ మధ్య దూరం పది నిమిషాల నడక. వారి మధ్య ఏళ్ళ తరబడి సాగిన వాదం నా నోటి మీదుగా సాగింది. ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెప్పకూడదన్న నియమాన్ని నేను ఎప్పుడూ దాటలేదు. పేరు, వీధి, జబ్బు ఏదీ చెప్పలేదు. "ఇంకొకరు ఇలా అంటున్నారు" అని మాత్రం అనేదాన్ని. పెద్దావిడ ఆ 'ఇంకొకరి'ని 'మీ రెండో మనిషి' అని పిలవడం మొదలుపెట్టారు.

*

లండన్‌లోని పెద్ద చక్రం లండన్ ఐని రూపొందించిన డేవిడ్ మార్క్స్, జూలియా బార్‌ఫీల్డ్ దంపతులే ఈ టవరు బొమ్మ గీశారు. 2006లో అనుమతి వచ్చింది. వెనకటి తరం నీళ్ళ మీద నడవడానికి పియర్‌కు వచ్చినట్టు, ఈ తరం గాలిలో నడవడానికి వస్తుందన్నది వారి ఆలోచన. దానిని నిలువు పియర్ అన్నారు. ఈ మాట పెద్దాయనకు ఎంత నచ్చిందంటే, ఊరి పత్రికలో వచ్చిన బొమ్మను కత్తిరించి ఇన్సులిన్ డబ్బాలు పెట్టే ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నారు. పియర్ కాలి కూలిపోయింది, దానిని ఎవరూ మళ్ళీ కట్టరు, అయితే ఆ నేల ట్రస్టుదే కాబట్టి టవరు నిలబడితే ట్రస్టు కూడా నిలబడుతుంది, పియర్ పేరు బతుకుతుంది. ఇదీ ఆయన లెక్క.

ఈ మాట నేను రీజెన్సీ స్క్వేర్‌కు మోసుకెళ్ళాను. పెద్దావిడ కిటికీలోంచి చెయ్యి చాచి, చూపుడు వేలు నిలువుగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూశారు. సరిగ్గా ఆ వేలు ఉన్నచోట, ఆవిడ ప్రతి సాయంత్రం చూసే సముద్రానికి నట్టనడుమ టవరు రాబోతోంది. "సముద్రాన్ని రెండు ముక్కలు చేస్తారు. పైగా ఆ గాజుగదిలో రెండు వందల మంది నిలబడి నా గదిలోకి తొంగి చూస్తారు" అన్నారు. తన వెనక వీధిలో 1968లో ఇరవై నాలుగు అంతస్తుల ససెక్స్ హైట్స్ లేచినప్పుడు కూడా అందరూ అలవాటు పడతారని చెప్పారట. తాను నేటికీ అలవాటు పడలేదని, అందుకే కుర్చీ వీపు అటు తిప్పి వేసుకున్నానని చెప్పారు.

దానికి పెద్దాయన జవాబు రెండు రోజుల్లో సిద్ధమైంది. 1866లో వెస్ట్ పియర్ కడుతున్నప్పుడు దానిని వ్యతిరేకించినవారు ఎవరో మీ మనిషికి తెలుసా అని అడిగారు. రీజెన్సీ స్క్వేర్‌లోని ధనవంతులే. పియర్ వాకిట్లో కట్టే టోల్ గదులు తమ కిటికీలకు అడ్డం వస్తాయని, చూడడానికి వికారంగా ఉంటాయని వారు గొడవ చేశారట. "ఆ వికారం కాలిపోయినప్పుడు ఆ కిటికీల్లోనే ఏడ్చారు" అన్నారాయన. మాటలో కోపం లేదు, గెలుపూ లేదు. ఆయన కూడా ఏడ్చినవాళ్ళలో ఒకరు.

ఈ జవాబు విని పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. నేను మూడో పొర చుడుతున్నాను. చివరకు, "అది నిజమే అయి ఉంటుంది. కానీ వాళ్ళకు నచ్చడానికి ఎన్నేళ్ళు పట్టిందో అడుగు. నాకు అన్నేళ్ళు లేవు" అన్నారు.

*

ఈ ఇద్దరి మాటలే ఊరి మాటలని నేను అనను. ఒడ్డున చిన్న అతిథిగృహం నడిపే ఒకావిడ, ఎండాకాలం నాలుగు నెలల సంపాదనతో పన్నెండు నెలలు నెట్టుకొచ్చే కష్టం చెబుతూ, వాన కురిసే నవంబరులో కూడా మనుషులు రావడానికి ఏదైనా ఒకటి ఉంటే చాలని, అది టవరైనా ఏనుగైనా తనకు ఒకటేనని అనేవారు. బ్యాండ్‌స్టాండ్ దగ్గర బెంచీ మీద రోజూ కనిపించే ఒక మాజీ తాపీమేస్త్రీ, దుకాణాల తలుపుల దగ్గర దుప్పట్లు కప్పుకుని పడుకున్నవారిని చూపించి, ముందు వీళ్ళకు కప్పు కట్టి తరువాత మేఘాల్లోకి పోవచ్చు కదా అని అడిగేవారు. బస్సులో కుర్రవాళ్ళు దానిని గుచ్చిన డోనట్ అని నవ్వుకునేవారు. చూడడానికి బాగులేనిదాన్ని ఇంగ్లీషులో ఐసోర్ అంటారు. ఆ మాటలోని మొదటి అక్షరమూ టవరు పేరులోని మొదటి అక్షరమూ ఒకేలా పలుకుతాయి కాబట్టి ఆ మారుపేరు కూడా త్వరలోనే స్థిరపడింది.

2008లో ప్రపంచమంతటా బ్యాంకులు కుదేలయ్యాక టవరుకు పెట్టుబడి దొరకలేదు. ఏళ్ళు గడిచాయి. ఆ ఖాళీ ఏళ్ళలో నాకు ఒక వింత కనిపించింది. టవరును ఇష్టపడినవారు క్రమంగా దాని మాట మానేశారు. వ్యతిరేకించినవారు మాత్రం వదల్లేదు. పెద్దావిడ ప్రతి వారం "మన కర్ర ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు. మన కర్ర అని అనడం ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు.

ఆపైన డబ్బు సంగతి వచ్చింది. మొత్తం ఖర్చు దాదాపు 4.6 కోట్ల పౌండ్లు. అందులో 3.62 కోట్లు నగర కౌన్సిల్ అప్పుగా ఇవ్వాలన్న ప్రతిపాదన. ప్రభుత్వ సంస్థలకు తక్కువ వడ్డీకి రుణమిచ్చే పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు దగ్గర కౌన్సిల్ అప్పు తెచ్చి, టవరు కట్టే సంస్థకు ఎక్కువ వడ్డీకి ఇస్తుంది. ఆ తేడా మీద, ఇతర రాబడి మీద ఏటా పది లక్షల పౌండ్లకు పైగా ఊరికి మిగులుతుందని లెక్క చూపారు. 2014లో కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ వసంతంలో నేను వెళ్ళిన ఇళ్ళలో ఈ మాట తప్ప వేరే మాట లేదు. అంతకుముందు అందం గురించి, కిటికీల గురించి వాదించుకున్నవారు ఇప్పుడు వడ్డీ రేట్ల గురించి వాదించుకున్నారు. జనం రాకపోతే ఏమవుతుందని తాపీమేస్త్రీ అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పినట్టు నాకు గుర్తులేదు.

నేను ఆ రోజుల్లో టవరు పక్షాన ఉన్నాను. నన్ను ఎవరైనా అడిగితే రావాలనే చెప్పాను. ఇన్సులిన్ ఇచ్చే ప్రతి ఉదయం ఫ్రిజ్ తలుపు మీది ఆ బొమ్మను చూసిన నాకు వడ్డీ లెక్క అంత ముఖ్యంగా కనిపించలేదు. ఊరి సొమ్ము అంత పెద్ద మొత్తంలో ఒక్క కట్టడం మీద పెట్టకూడదన్న తాపీమేస్త్రీ మాటే సరైనదని ఈనాడు నా అభిప్రాయం. ఆయన మాట నేను అప్పుడు శ్రద్ధగా వినలేదు.

*

2014 వేసవి చివర పనులు మొదలయ్యాయి. మరుసటి సంవత్సరం నెదర్లాండ్స్‌లో తయారైన ఉక్కు గొట్టాలు బార్జి మీద సముద్రం దాటి తిన్నగా గులకరాళ్ళ ఒడ్డుకే వచ్చాయి. మొత్తం పదిహేడు. ఒక్కొక్కదానిలో ఒక చిన్న ఇల్లు పడుతుంది. అవి దిగిన రోజు ఒడ్డున మళ్ళీ జనం బారులు తీరారు. పియర్ కాలిన రోజు తరువాత అంతమంది అలా ఒకే వైపు చూస్తూ నిలబడడం నేను అప్పుడే చూశాను.

అప్పటికి పెద్దావిడకు కాలి పుండు మళ్ళీ లేచింది. వారానికి ఒకసారి వెళ్ళేదాన్ని. కిటికీ గట్టు మీద ఒక నోటుపుస్తకం, పెన్సిలు, పాత బైనాక్యులర్లు వచ్చి చేరాయి. గొట్టాలను ఒకదాని మీద ఒకటి పైనుంచి పేరుస్తారని మేమిద్దరం అనుకున్నాం. అలా జరగలేదు. పైన ఉండవలసిన భాగాన్ని చట్రంలో నిలబెట్టి, జాకీలతో పైకి నెట్టి, దాని కింద ఏర్పడిన ఖాళీలోకి తరువాతి గొట్టాన్ని జరిపి బిగించేవారు. మళ్ళీ అంతా కలిపి పైకి నెట్టేవారు. దూరం నుంచి చూసేవారికి పైన ఎవరూ ఏమీ పెట్టకుండానే టవరు ఎత్తు పెరిగేది. "చెట్టు చివర పెరుగుతుంది. ఇది వెంట్రుకలాగా మొదట్లో పెరుగుతోంది" అన్నారావిడ. నోటుపుస్తకంలో గొట్టం సంఖ్య, రోజు, గాలి ఎటు వీచిందీ రాసి ఉండేవి. ఎనిమిదో గొట్టం దగ్గర ఒక ప్రశ్నార్థకం ఉంది. ఆ రోజు పొగమంచు వల్ల కనిపించలేదట.

ఉక్కు చుట్టూ చిల్లులున్న అల్యూమినియం జాలీ తొడిగారు. నున్నటి గొట్టానికి గాలి తగిలితే వెనకవైపు సుడులు లేచి టవరును ఊపుతాయి. జాలీ ఆ సుడులను చిన్నచిన్నగా విరిచేస్తుంది. ఇంకా మిగిలిన ఊపును, లోపల అమర్చిన తొట్లలో ద్రవం అటూఇటూ ఒలికి అణచివేస్తుంది. ఇవన్నీ ఒక కరపత్రంలో చదివి నేను ఆవిడకు చెప్పాను. ఆవిడ తన కాలి వైపు చూసుకున్నారు. "నువ్వు నాకు కట్టే నాలుగు పొరల లాంటిదే అన్నమాట. పాపం, దానికి కూడా రక్తప్రసరణ సరిగా లేదు" అన్నారు. టవరు గురించి పాపం అన్న మాట ఆవిడ నోట రావడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ శీతాకాలంలోనే, టవరు తెరుచుకోకముందే, పెద్దాయన పోయారు. పొద్దున నేను వెళ్ళేసరికి తలుపు తీసింది ఆయన కూతురు. ఫోల్డరు మూసి సంతకం చేయవలసిన పని నాదే. ఫ్రిజ్‌లో మిగిలిన ఇన్సులిన్ డబ్బాలను లెక్కపెట్టి వెనక్కి పంపడానికి తీసుకుంటున్నప్పుడు, తలుపు మీది కాగితం బొమ్మ నా చేతికి తగిలి ఒక మూల ఊడింది. దానిని మళ్ళీ అంటించాను.

తరువాతి వారం నేను కట్టు విప్పుతుండగా పెద్దావిడ ఎప్పటిలాగే అడిగారు. "మీ రెండో మనిషి ఏమంటున్నాడు? ఇప్పుడు సంతోషమేనా?" నేను తల వంచి దూది చుట్టుకుంటూ ఉండిపోయాను. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. అబద్ధం కూడా చెప్పలేకపోయాను. ఆవిడ నా తల వైపు చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. చాలాసేపటికి బైనాక్యులర్లు తీసి కళ్ళకు పెట్టుకున్నారు. "పన్నెండు మంది పనివాళ్ళు ఉన్నారు ఈరోజు" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

*

2016 ఆగస్టులో టవరు తెరుచుకుంది. దాని వాకిట్లో, 1866నాటి పియర్ టోల్ గదులను పోలినవాటిని మళ్ళీ కట్టి నిలబెట్టారు. ఒకనాడు రీజెన్సీ స్క్వేర్ వారికి కంటగింపు అయిన గదులే. ఇప్పుడు పాత అందమని వాటి ముందు నిలబడి ఫొటోలు దిగారు. సెప్టెంబరు మొదటి రోజున గాజుగది దాదాపు నూట ఎనభై మందితో రెండు గంటలకు పైగా పైన ఆగిపోయింది. దానిని చూసి పెద్దావిడ సంబరపడతారని నేను అనుకున్నాను. ఆవిడ మాత్రం ఆ రెండు గంటలూ కిటికీలోంచి కదలలేదట. లోపల చిన్నపిల్లలు ఉంటారు, మరుగుదొడ్డికి ఎలా అని ఆందోళన పడ్డారట. రాత్రి దీపాలు ఆర్పకుండా ఉంచానని చెప్పారు. అంత దూరం నుంచి ఆ దీపం వారికి ఏం పనికొస్తుందని నేను అడగలేదు.

ఆ తరువాత కొంతకాలానికి నా భర్తకు బదిలీ కావడంతో మేము ఊరు మారాము. ఆఖరి రోజు ఆవిడకు కట్టు కట్టి, కొత్త నర్సుకు బిగువు ఎంత ఉండాలో చూపించి వచ్చాను. టవరు ఎక్కుదామని ఎన్నోసార్లు అనుకుని కూడా, ఆ కిటికీ ముందు నుంచి గాజుగదిలో పైకి పోవడానికి మనసొప్పక, ఎక్కకుండానే వచ్చేశాను. ఆవిడ పోయిన సంగతి రెండేళ్ళ తరువాత ఒక సహోద్యోగి రాసింది.

టవరు సంగతులు దూరం నుంచి వింటూనే ఉన్నాను. అనుకున్నంత జనం రాలేదు. అప్పు వాయిదాలు వెనకబడ్డాయి. కరోనా వచ్చింది. 2024 చివర టవరు మూతబడింది. వడ్డీతో కలిపి 5.1 కోట్ల పౌండ్లకు చేరిన అప్పును కౌన్సిల్ రద్దు చేసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది వేరే యాజమాన్యం కింద మళ్ళీ తెరిచారు. ఆ వార్త చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది బ్యాండ్‌స్టాండ్ బెంచీ.

*

విందుకు ఇంకా రెండు గంటలుంది. టికెట్టు కొని ఎక్కాను.

గాజుగది కదులుతున్నట్టు తెలియదు, నేల కిందికి జారుతున్నట్టు ఉంటుంది. ముందు ఒడ్డున నడిచేవారి తలలు, ఆపైన ఇళ్ళ కప్పులు, పొగగొట్టాలు, ఆపైన ససెక్స్ హైట్స్ పైకప్పు మీది నీళ్ళ తొట్లు కనిపించాయి. ఉత్తరాన పచ్చటి సౌత్ డౌన్స్ కొండలు. దక్షిణాన సముద్రంలో, నేను ఉన్నప్పుడు లేని గాలిమరలు వరసలుగా నిలబడి ఉన్నాయి. 116 అని పక్కనెవరో చెబుతున్నారు. నేరుగా కింద వెస్ట్ పియర్ పంజరం. 2014 ఫిబ్రవరి తుఫానులో అది కూడా నడిమికి విరిగింది. అంత ఎత్తు నుంచి చూస్తే, ఎవరో ముళ్ళు తీసి పక్కన పెట్టిన చేప ఎముకలా ఉంది. దాని చుట్టూ నీళ్ళ రంగు కొంచెం వేరుగా కనిపిస్తుంది. పెన్నీల యంత్రాలు ఏ చోట ఉండేవని పెద్దాయన చెప్పారో గుర్తుపట్టడానికి ప్రయత్నించాను. హాలుకు ఒడ్డువైపు అనేవారు. అక్కడ ఇప్పుడు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

దిగేటప్పుడు అందరూ సముద్రం వైపు నిలబడ్డారు. నేను ఊరి వైపు గాజు దగ్గరకు వెళ్ళాను. మెల్లగా రీజెన్సీ స్క్వేర్ పైకి వచ్చింది. ఇళ్ళను లెక్కపెట్టుకుంటూ ఆ బాల్కనీని పట్టుకున్నాను. కిటికీకి తెర లేదు. గది దాని ఎత్తుకు దిగేదాకా కన్ను ఆర్పకుండా చూశాను. కుర్చీ ఉన్నచోట ఇప్పుడు ఏముందో, గోడలకు ఏ రంగు వేశారో తెలుసుకోవాలనిపించింది.

ఏమీ కనిపించలేదు. పడమటి ఎండ పడి కిటికీ అద్దం మొత్తం తెల్లగా మెరుస్తోంది. చేతులు అడ్డం పెట్టుకుని చూసినా ఆ అద్దంలో సముద్రం, ఆకాశం, వాటి నడుమ సన్నగా ఈ టవరు తప్ప లోపలిది ఏదీ కంటికి ఆనలేదు. పక్క ఇళ్ళ కిటికీలు కూడా అంతే. తలుపులు తెరుచుకుని, పాత టోల్ గదుల పక్కగా బయటికి వచ్చాక కూడా నేను అక్కడే కొంచెంసేపు నిలబడ్డాను. ఇక్కడి నుంచి మీ గదిలోకి ఎవరికీ ఏమీ కనిపించదండీ అని ఆవిడకు చెప్పాలనిపించింది.